గడియారం చెప్పిన పాఠం

మీ ఇంట్లో పెద్దవారి చేతికి ఒకప్పుడు హెచ్.ఎం.టి. గడియారం ఉండేది కదూ? 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో దాని తయారీ మొదలైంది. చాలా ఏళ్లు దానికి గట్టి పోటీయే లేదు.

1969 నాటి గుత్తాధిపత్య నిరోధక చట్టం ముఖ్యంగా ప్రైవేటు సంస్థల పరిమాణాన్ని కొలిచింది. ప్రభుత్వ సంస్థలు 1991 దాకా దాని పరిధిలోకి రాలేదు. ఈలోగా, 1984లో ఏర్పడిన టైటాన్, పొరుగునున్న హోసూరులో క్వార్ట్జ్ గడియారాలు చేయసాగింది. కొనేవారు అటు మళ్లారు. 2016లో హెచ్.ఎం.టి. గడియారాల సంస్థను మూసివేయాలని కేంద్రం నిర్ణయించింది.

2002 నాటి పోటీ చట్టం చూపు మార్చింది. పెద్దదిగా ఎదగడం తప్పు కాదు; ఆ బలంతో ఇతరుల దారి మూయడమే తప్పు. వ్యాపారం చేసే ప్రభుత్వ సంస్థకూ అదే నియమం. 2023లో ఈ చట్టాన్నీ సవరించారు.

పోటీ లేకపోతే నష్టపోయేది కొనేవారొక్కరే కాదు. గడియారాలు చేసిన సంస్థే కాలాన్ని ఆలస్యంగా గుర్తించింది!