గోడ దాటిన సొరకాయ

సాయిబుల ఇళ్లలో కూరగాయలు కూడా వండుతారా? బెజవాడలో ఈ ప్రశ్న మేం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అడిగినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. పక్కింటివాళ్లు, మాతో చదువుకున్నవాళ్లు, మాతో కలిసి ఉద్యోగాలు చేసేవాళ్లు. వాళ్ల లెక్కలో మేమంటే పెళ్లిలో బిర్యానీ, రంజాన్‌లో హలీం, బక్రీద్‌కి మాంసం. మిగతా రోజుల్లో ఏం తిని బతుకుతున్నామన్నది ఎవరికీ పట్టదు.

మిగతా రోజుల్లో మీరు తిన్నదే మేమూ తిన్నాం. పప్పు, పులుసు, తోటకూర, బెండకాయ. వారానికి ఓ పూట మాంసం తెస్తే, ఆ అరకిలో ఎనిమిది మందికి చాలాలి. అందుకని అందులో సొరకాయో, దోసకాయో, గోంగూరో పడాల్సిందే. మా వంటల్లో చాలా భాగం ఇలా పుట్టినవే. నవాబుల వంటశాలల్లోంచి దిగివచ్చినవి కావు, పెరట్లోంచి వచ్చినవి.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. చరిత్రకీ పనికిరాదనుకున్నారు. ఈ డెల్టాలో ముస్లిముల చరిత్ర అడిగితే కొండపల్లి కోట చూపిస్తారు. 1550 నుంచి 1580 దాకా గోలకొండ ఏలిన ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారని గుర్తుచేస్తారు. కుతుబ్‌షాహీల రేవైన మచిలీపట్నానికి 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి కొట్టు తెరిచారని చెబుతారు. అన్నీ నిజమే. కానీ ఆ కోటలు మావి కావు, ఆ ఓడలూ మావి కావు. మా తాతలు దూది ఏకారు, గాజులమ్మారు, జట్కాలు తోలారు, బట్టలు కుట్టారు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు పెరడు పెంచారు. ఆ పెరడే మా దస్తావేజు.

కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట పని 1852లో మొదలై 1855కి పూర్తయింది. దాని స్థానంలో 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలవలు పారిన మేరా వరి పరుచుకుంది. కూరగాయలకి మిగిలినవి నదిలోని లంకలు, చేల గట్లు, ఇళ్ల వెనక జాగాలు. పొలం లేనివాడికి పెరడే పొలం. మాలో పొలం ఉన్నవాళ్లెందరు?

వేసవి చివర కాలవలు కట్టేస్తారు. బావుల్లో నీళ్లు అడుక్కి పోతాయి. అప్పుడు పెరడు బతికేది వాడిన నీళ్ల మీదే. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తొలిచిన నీళ్లు, రోజుకు ఐదుసార్లు వజూ చేసిన నీళ్లు. ఆ వజూ నీళ్లు సొరపాదు మొదట్లోకి పోయేలా మా అమ్మలు నేలమీద వేలెడు లోతు కాలవ తీసేవాళ్లు. ఏ ఇంజనీరూ లెక్కలో రాసుకోని కాలవ అది.

రోహిణి ఎండలో కాసినవి కోయడమూ ఒక విద్యే. బెండకాయ రోజు విడిచి రోజు తుంచాలి, ఆలస్యమైతే పీచు. సొరకాయ మీద గోరు దిగితే కూరకి, దిగకపోతే విత్తనానికి. నీళ్లు చాలక కొన్ని దోసకాయలు, బీరకాయలు చేదెక్కుతాయి. ముక్క కొరికి చూడనిదే గిన్నెలో వెయ్యరు. గోంగూర మొక్కని పీకకుండా కొసలు గిల్లితే పక్క కొమ్మలు వేస్తుంది. మృగశిర చినుకులు పడేలోపే ఇదంతా కావాలి. మిగిలిన వంకాయలు, గోరుచిక్కుళ్లు ఉప్పేసి ఎండబెడితే ఒరుగులు. వానాకాలంలో మా ఇంట్లో ఆ ఒరుగులే, పొరుగింట్లోనూ అవే.

పెరటిది కార్తెల లెక్క. మా పండగలది చంద్రుడి లెక్క. ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. ముప్పైమూడేళ్లకోసారి ఈ రెండు లెక్కలూ ఒకచోట కలుస్తాయి. 1984 నుంచి 86 దాకా, మళ్లీ 2016 నుంచి 18 దాకా రోజాలు మే, జూన్ ఎండల్లో పడ్డాయి. పద్నాలుగు గంటలకు పైగా గుక్కెడు నీళ్లు ముట్టని గొంతులకి ఖర్జూరం తర్వాత సొరకాయ ఖీర్ దిగేది. గింజలు తీసి తురిమిన లేత సొరకాయ, పాలు, కాసిని సగ్గుబియ్యం, పంచదార. అంతే. ప్రవక్తకు సొరకాయ ఇష్టమని హదీసుల్లో ఉంది. ఒక దర్జీ ఇంటి భోజనంలో ఆయన సొరకాయ ముక్కలు వెతుక్కుని తినడం చూశాక తనకీ అది ఇష్టమైందని అనస్ బిన్ మాలిక్ చెప్పారు. మదీనాలో దర్జీ ఇంటి కూర, ఇస్లాంపేటలో దర్జీ ఇంటి కూర ఒకటే అయినందుకు మాకు కొంచెం గర్వం.

ఇక పేర్ల సంగతి. బీరకాయ మాకు తురై. సొరకాయ కద్దూ. గోంగూర అంబాడా. చింతచిగురుకి మాత్రం దక్కనీ ఉర్దూ వేరే మాట వెతుక్కోలేదు. తెలుగు మాటనే అందుకుని చిగుర్ గోష్త్ అంది. మరి తెలుగు ఊరుకుందా? పుదీనా పారశీకం, ఖర్బూజా పారశీకం. ఖరీఫ్, రబీ అరబ్బీ. రైతు అన్న మాటకి మూలమే అరబ్బీ రయ్యత్. 1999లో రాష్ట్ర ప్రభుత్వం రైతుబజార్లు తెరిచింది. రైతూ అక్కడిదే, బజారూ అక్కడిదే. అమ్మేది తోటకూర. ఇంతకంటే తెలుగు దృశ్యం ఏముంది?

మాలోనే దూదేకులవాళ్ల ఇళ్లలో మాట్లాడేది తెలుగే. వాళ్ల గోంగూర గోంగూరే. ఉర్దూ రాదని వాళ్లని మావాళ్లు చిన్నచూపు చూశారు. సాయిబులేనని మీవాళ్లు దూరం పెట్టారు. రెండు వైపులా దెబ్బ తిన్న వాళ్ల పెరడు కూడా ఈ చరిత్రలోదే.

మీరెక్కణ్నుంచి వచ్చారని మమ్మల్ని అడుగుతుంటారు. ఆ ప్రశ్న పెరట్లో అడిగి చూడండి. ఆంధ్రమాత అని మనమంతా మొక్కే గోంగూర ఆఫ్రికా మొక్కల సంతతి అని వృక్షశాస్త్రం చెబుతోంది. సొరకాయ పుట్టిల్లూ ఆఫ్రికాయే. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడలెక్కి వచ్చింది. 1498కి ముందు ఈ నేల మీద మిరపకారం లేదు. గుంటూరు కారం లేని తెలుగుదనాన్ని ఇప్పుడు ఊహించగలమా? వంకాయ మాత్రం ఈ దేశపుదే. పారశీకులు, అరబ్బులు దాన్ని బాదింజాన్ అంటూ స్పెయిను దాకా మోశారు. అక్కణ్నుంచి పోర్చుగీసు నాలుక మీదుగా బ్రింజాల్ అయి మన మార్కెట్టుకే తిరిగొచ్చింది. పెరట్లో ఏ మొక్కకీ పౌరసత్వం అడగం. వేరు పట్టిందా, కాసిందా అనే చూస్తాం.

మరి గోడ ఎక్కడుంది? మట్టిలో లేదు. పొయ్యి దగ్గరుంది.

పచ్చి సొరకాయ గోడ దాటుతుంది. "బూబమ్మా, పాదు బాగా కాసిందే" అంటూ పొరుగింటి పిన్నిగారు అందుకుంటారు. ఇటు గుప్పెడు కరివేపాకో, నాలుగు మామిడికాయలో వస్తాయి. కొత్తావకాయ కలిపిన రోజు చిన్న గిన్నెతో అదీ వస్తుంది. కళ్లకద్దుకుని తింటాం. అదే సొరకాయ మా పొయ్యెక్కి దాల్చా అయితే ఆ గిన్నె అటు పోదు. దాల్చాలో ఉన్నదేమిటి? ఉడికించి మెదిపిన శనగపప్పు, చింతపులుసు, మీరిచ్చిన కరివేపాకుతో తాలింపు. మాంసం వెయ్యకుండా వండినా పోదు. అంటు మాంసానిది కాదు, చేతిది. మా గిన్నెలో చెయ్యి పెట్టి తిన్నది ఎక్కువగా దళితవాడల నేస్తాలే. వాళ్లనీ అదే గోడ బయట నిలబెట్టింది గనక.

చరిత్రలోనూ ఇదే జరిగింది. మా దగ్గర్నుంచి పచ్చిసరుకు తెలుగు తీసుకుంది. మాటలు తీసుకుంది. కలంకారీ అన్న పేరు తీసుకుంది. ఇబ్రహీంపట్నం, నిజాంపట్నం అని ఊళ్ల పేర్లు తీసుకుంది. వాటితో మేం వండుకున్న బతుకుని మాత్రం తీసుకోలేదు. వంటల పుస్తకాలు తిరగేయండి. గోంగూర మాంసం ఆంధ్రా వంట. అదే ఆకు, అదే మాంసం, అదే వెల్లుల్లి తాలింపుతో మేం అంబాడా గోష్త్ అంటే ఎక్కువగా అది మొగలాయి వంట. మొగలాయిలు గోంగూర ఎప్పుడు తిన్నారో ఆ రాసినవాళ్లే చెప్పాలి.

ఇప్పుడు పెరళ్లు తరిగిపోయాయి. ఇళ్లు పడగొట్టి అపార్టుమెంట్లు లేపారు. అద్దెకి వెళితే ముందు పేరడుగుతారు. పేరు విన్నాక మాంసం వండుతారా అని అడుగుతారు. వండమన్నా గది ఖాళీ లేదంటారు. బోర్డు మాత్రం మర్నాడూ వేలాడుతూనే ఉంటుంది. అలా వెనక్కి తిరిగి పంజా సెంటరు, వించిపేట సందుల్లోకే చేరుతున్నాం. అక్కడ మట్టి కనపడదు. పెయింటు డబ్బాల్లో, పగిలిన బకెట్లలో, మేడమెట్ల మీద పుదీనా, గోంగూర వేస్తున్నాం. వజూ నీళ్లు ఇప్పుడు చెంబుతో మోసుకెళ్లి పొయ్యాలి. అయినా రోహిణి ఎండకి గోంగూర కొస గిల్లితే పక్క కొమ్మలు వేస్తూనే ఉంది.

మాకు వేరే శీర్షిక కింద గౌరవం అక్కర్లేదు. మతసామరస్యం సభల్లో మా బిర్యానీకి పొగడ్తలూ అక్కర్లేదు. తెలుగువాళ్ల తిండి చరిత్ర రాసేటప్పుడు మా పెరడు కూడా రాయండి. అంబాడా పక్కన గోంగూర అని రాయండి, గోంగూర పక్కన అంబాడా అని రాయండి. సొరకాయ దాటిన గోడని గిన్నెని కూడా దాటనివ్వండి. తినాలా వద్దా అన్నది మీ ఇష్టం. మా చేతి వంట అని మాత్రం వెనక్కి పంపకండి.