నలభై పుల్లల చక్రం

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు పోయే దారిలో, శిరివెళ్ళ దగ్గర, వెనక చక్రంలో టింగుమని చప్పుడైంది. దిగి చూస్తే ఒక స్పోకు విరిగి వేలాడుతోంది. చక్రం వంకరపోయి బ్రేకు రబ్బరును రాసుకుంటోంది. అహోబిలంలో రెండు రాత్రులుండి రావాలని కొత్త సైకిలు మీద బయల్దేరిన మొదటి ఉదయం అది. నడిపించుకుంటూ పోయి ఒక పంచర్ షాపు ముందు నిలబెట్టాను. షాపు పెద్దాయన సంచులు దింపించి, సైకిలును తలకిందులు చేసి, చక్రం ఒక చుట్టు తిప్పి పుల్లలు లెక్కపెట్టాడు.

"ఇరవై ఎనిమిదే ఉండాయి సార్. ఇంత బరువేసుకోని యాడికి పోవాలనుకున్యారు?" అన్నాడు. గోడకు ఆనించిన పాలబండి వైపు చేయి చూపించాడు. "దానికి ఎనక నలభై, ముందర ముప్పై రెండు. లెక్కబెట్టుకోండి."

కూర్చుని లెక్కపెట్టాను. నలభయ్యే. దూరప్రయాణాల సైకిలు పుట్టుక గురించి అప్పటిదాకా చదివినదంతా ఆ చక్రం దగ్గరే అర్థమైంది.

ఎద్దుల బండి చక్రంలో ఆకులు లావుగా ఉంటాయి. బండి బరువంతా కింద నేలకు ఆనిన ఆకు మీద నిలబడుతుంది. సైకిలు పుల్లది వేరే పని. సన్నటి తీగ నిలబడి బరువు మోయలేదు, బిగించి లాగితే మాత్రం ఎంతో ఓర్చుకుంటుంది. అందుకే అన్ని పుల్లలనూ ముందే లాగి బిగిస్తారు. చక్రం తిరిగేకొద్దీ ఒక్కో పుల్ల మీద లాగుడు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. అలా లక్షలసార్లు జరిగితే తీగ అలిసిపోయి వంపు దగ్గర తెగుతుంది. పుల్లలు ఎక్కువుంటే ఆ శ్రమ పంచుకుంటాయి. సీటు, కారియరు, క్యాన్లు, అన్నీ వెనకే కాబట్టి వెనక చక్రానికి ఎక్కువ పుల్లలు. వాటిని ఒకదాని మీదుగా ఒకటి వాలుగా అల్లే పద్ధతికి ఇంగ్లండులోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంటు తీసుకున్నాడు. తొక్కుడు బలాన్ని హబ్బు నుంచి అంచుకు చేర్చేది ఆ వాలే.

1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ నడిపిన రెండు చక్రాల బండికి పెడళ్ళే లేవు, కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవాల్సిందే. తర్వాత పెద్ద ముందు చక్రం సైకిళ్ళొచ్చాయి. 1884లో థామస్ స్టీవెన్స్ అలాంటిదాని మీదే శాన్ ఫ్రాన్సిస్కోలో బయల్దేరి, 1886 డిసెంబరులో జపాన్‌లోని యొకొహామా చేరాడు. దారిలో లాహోరు నుంచి కలకత్తా దాకా మన గ్రాండ్ ట్రంక్ రోడ్డు కూడా తొక్కాడు. ఆయన మూట చూస్తే జాలేస్తుంది: మేజోళ్ళు, ఒక మారు చొక్కా, గుడారంగా కూడా పనికొచ్చే వానకోటు, ఒక రివాల్వరు. అంత ఎత్తు చక్రం మీద కూర్చున్నవాడు ఇంకేం పెట్టుకోగలడు?

సామాను పెట్టుకునే వీలు జేమ్స్ సోదరుడి కొడుకు జాన్ కెంప్ స్టార్లీతో వచ్చింది. 1885లో ఆయన చేసిన రోవర్‌లో చక్రాలు రెండూ దాదాపు సమానం, వెనక చక్రానికి గొలుసు. బరువు నేలకు దగ్గరగా దిగింది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక రాళ్ళదారి కూడా ఓర్చుకోదగ్గదైంది. 1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ళ మీద ప్రపంచయాత్రకు బయల్దేరారు. వారిలో ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగరా 1928 మార్చిలో తిరిగొచ్చారు. తొక్కింది దాదాపు 71,000 కిలోమీటర్లు. గేర్ల సైకిలు కోసం, బ్రాండ్ల కోసం నెలల తరబడి వెతికే మనం ఈ ముగ్గురినీ ఒకసారి తలుచుకోవాలి.

గేర్ల కథ ఫ్రాన్సుది. సెయింట్ ఎటియెన్‌లో 'వెలోసియో' పేరుతో రాసిన పాల్ ద వివీ, కొండదారుల్లో సామాన్య యాత్రికుడు తొక్కాలంటే మార్చుకునే గేర్లు కావాలని జీవితమంతా పోరాడాడు. పందెగాళ్ళు ఒప్పుకోలేదు. టూర్ ద ఫ్రాన్స్‌లో గొలుసును మార్చే డిరైలరుకు 1937 దాకా అనుమతే లేదు. అంటే గేర్లను మొదట ఆదరించింది మూటతో కొండెక్కినవాళ్ళే. 1976లో అమెరికా స్వాతంత్ర్యపు ద్విశతాబ్దికి నాలుగు వేల మందికి పైగా ఆ దేశం మీదుగా సాగిన సైకిలు యాత్రలో పాల్గొన్నారు. ఆ ఊపు తర్వాతే, 1983లో వచ్చిన ట్రెక్ 520 లాంటి 'టూరింగ్ సైకిళ్ళు' అక్కడ విడిగా ఒక జాతి అయ్యాయి.

మన దగ్గర ఆ జాతి పేరు లేకుండానే బతికింది. మద్రాసులో టి.ఐ. సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. ఇవి చేసిన నల్ల సైకిలు ఇంగ్లీషు రోడ్‌స్టర్ బిడ్డే: ఉక్కు గొట్టాలు, పొడుగాటి చట్రం, వాలుగా ఉండే ఫోర్కు, కడ్డీ బ్రేకులు, దిట్టమైన కారియరు. ఇప్పటి టూరింగ్ సైకిలులో కూడా వెనక చట్రం పొడుగే, మడమ సంచికి తగలకుండా. పాలబండిలో ఆ చోటే క్యాన్లకు సరిపోయింది.

కారియరుకు రెండు వైపులా తగిలించే సంచుల్ని 'ప్యానియర్లు' అని అమ్ముతున్నారు. ఆ మాటకు మూలం ఫ్రెంచివాళ్ళ బుట్ట. తెలుగులో ఎద్దు వీపు మీద ఇటూ అటూ వేలాడే జోడు సంచికి 'పెరికె' అనే చక్కటి మాట ఉంది. నల్లమల కనుమల మీదుగా లంబాడీల ఎద్దులు ఉప్పు, ధాన్యం మోసింది పెరికెల్లోనే. సైకిలు కొనేటప్పుడు పందెపు గుర్రాన్ని కాకుండా పెరికె ఎద్దును కొంటున్నామని గుర్తుంచుకుంటే సగం తప్పులు జరగవు.

నేను చేసిన తప్పు అదే. తేలిగ్గా ఉందని మురిసిపోయి కొన్నాను. ఇప్పుడైతే ముందు ఉక్కు చట్రం అడుగుతాను. విరిగితే ఏ వెల్డింగు షాపులోనైనా అతుకు పడుతుంది. వెనక 36 పుల్లలకు తగ్గకూడదు. కారియరు బిగించడానికి చట్రానికీ ఫోర్కుకూ మరల రంధ్రాలుండాలి. టైరు 35 మిల్లీమీటర్లకు పైన, దానికీ మడ్‌గార్డుకూ మధ్య వేలు దూరేంత ఖాళీ. ఈ ఖాళీ విలువ వానాకాలంలో కుందూ పక్క పొలాల బాట పట్టినవాడికే తెలుస్తుంది. నల్లరేగడి బురద టైరుకు చుట్టుకుని మడ్‌గార్డు నిండితే చక్రం కదలదు. ఎగువ అహోబిలం ఎక్కాలన్నా, గాజులపల్లె దాటి దిగువమెట్ట ఘాటు దాటాలన్నా, అన్నిటికన్నా తేలికైన గేరులో పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రం కంటే వెనక పళ్ళచక్రానికే పళ్ళు ఎక్కువుండాలి. కంప ముళ్ళ దేశం కాబట్టి రెండు ట్యూబులు, ప్యాచీలు, సొల్యూషను తప్పవు. ట్యూబుకు సన్నమూతి వాల్వు ఉంటే పల్లెటూరి పంపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి మూత ఒకటి జేబులో ఉంటే ఆ బాధ తీరుతుంది.

బరువు సర్దడం ఆ పెద్దాయనే నేర్పాడు. అహోబిలం స్వామి కనుమనాడు పార్వేటకు బయల్దేరి నలభై రోజులకు పైగా ఊరూరూ తిరుగుతాడు కదా, ఆ పల్లకీ బరువు ముందువాళ్ళ మీదా వెనకవాళ్ళ మీదా పడకపోతే నడవదన్నాడు. నా సామానంతా వెనకే ఉంది. నీళ్ళసీసాలు, పనిముట్ల సంచి ముందుకు మార్పించాడు. విరిగిన పుల్ల తీసేసి, పక్కవాటిని బిగించి, వంకర తీసి ఆళ్ళగడ్డ దాకా చేరేట్టు చేశాడు.

నెల తర్వాత 36 రంధ్రాల రిమ్మూ, దానికి సరిపడే హబ్బూ కొని ఆయన దగ్గరికే తీసుకుపోయాను. మధ్యాహ్నమంతా కూర్చుని అల్లాడు. అల్లడం అయ్యాక చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని, ఒక్కో పుల్లనూ గోటితో మీటుతూ పోయాడు. ఒకటి మొద్దుగా పలికింది. పుల్లలు బిగించే తాళంతో పావు తిప్పు బిగించి మళ్ళీ మీటాడు. ఈసారి పక్కదానితో కలిసింది.

"ఇప్పుడెయ్యండి సార్ బరువు," అన్నాడు.