గొంగళి

దక్కను పీఠభూమియందలి కురుబలు గొఱ్ఱెల ఉన్నితో చేమగ్గముపై నేయు ముతక కంబళికి గొంగళి యని పేరు. తుర్కీ దేశపు కిలీమువలె నిదియు నూగులేని చదునైన నేతయే; కాని కిలీమునందు రంగుల పేకపోగులు వర్ణము మాఱు చోటనే వెనుకకు మరలి సన్నని చీలికలను విడుచుచు, మాతృత్వసంకేతమని చెప్పబడు నడుముపై చేతులుంచిన స్త్రీరూపమును, పొట్టేలి కొమ్మును చిత్రించుచుండగా, గొంగళికి గొఱ్ఱె మేని నలుపే వర్ణము, అంచుచారలే అలంకారము. ఆ నిరాడంబరతయందే దాని గాంభీర్యమున్నది.

కడప జిల్లా ఒంటిమిట్ట ప్రాంతమందు సాధారణముగ కనబడు నెల్లూరు జాతి గొఱ్ఱెకు నేతకక్కఱకువచ్చు ఉన్ని లేదు. అందుచే రాయలసీమలో నీ వృత్తి దక్కని, బళ్ళారి జాతుల మందలు తిరుగు కర్నూలు పడమటి భాగమునను, అనంతపురమునను వేళ్ళూనినది. స్త్రీలు వడకిన నూలును పడుగుగా సాచి, చింతగింజల గంజి పట్టింతురు. బట్టకు బిరుసునిచ్చి వాననీటిని తొందరగా ఇంకనీయని గుణమునకు మూలమిదియే.

కాపరికి గొంగళి గొడుగు, పఱుపు, దుప్పటి. కురుబల పెండ్లిలో వధూవరులకు ఆసనము. వారి కులదైవమైన బీరప్ప కొలువునందు పవిత్రవస్త్రము. మరదుప్పట్లు చౌకయై, మాంసమునకై ఉన్నిలేని జాతులను పెంచుట హెచ్చి, ఈ నేత క్షీణించినది. మందలో నల్లయున్ని గొఱ్ఱెను నిలుపక మగ్గమును మాత్రమే ఆదుకొనజూచుట వ్యర్థము.