పాట వెనక పాట్లు

రేడియోలో పాట వస్తుంటే కూర తరుక్కుంటూ వింటాం. పాట అయ్యేసరికి నాలుగు బెండకాయలు తెగితే తెగుతాయి, లేకపోతే లేదు. "బావుంది" అని ఓ మాట అనేసి పోపు పెట్టడానికి లేస్తాం. ఆ మూడు నిమిషాల పాట కోసం ఎంతమంది ఎన్ని గంటలు నిలబడ్డారో మనకి తట్టదు. పెళ్లిలో పులిహోర తిన్నవాళ్లు గాడిపొయ్యి దగ్గర మాడినవాళ్ల గురించి ఆలోచిస్తారా ఏమిటి!

అసలు పాటకి ఆ మూడు నిమిషాల కొలత పెట్టింది గ్రామఫోను ప్లేటు. 1902లో గ్రామఫోన్ కంపెనీవాళ్లు ఇంగ్లండు నించి వచ్చి కలకత్తాలో గౌహర్ జాన్ చేత పాడించారు. అప్పటికింకా మైకు రాలేదు. పెద్ద బాకాలాంటి గొట్టంలోకి గొంతెత్తి పాడితే, ఆ అదురుకి సూది కదిలి మైనం మీద గీత పడేది. గంటసేపు పాడే రాగాన్ని మూడు నిమిషాల్లో ముగించాలి. తప్పు పోయిందా, ఆ మైనం పక్కన పడేసి మళ్లీ మొదలు. ఈ యంత్రమంటే మగ విద్వాంసులు చాలామంది జంకుతున్న రోజుల్లో ఆవిడ ధైర్యంగా ముందుకొచ్చింది. పాట చివర ఇంగ్లీషులో తన పేరు తనే చెప్పుకునేది. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలో. అది ఎవరి పాటో అక్కడివాళ్లకి తెలియాలి కదా!

తరవాత మైకులొచ్చాయి, టేపులొచ్చాయి. కానీ తప్పితే మొదటికి రావడమనే శిక్ష మాత్రం పోలేదు. మా నెల్లూరు సంగతే చెప్తాను. హరికథలు చెప్పే శ్రీపతి పండితారాధ్యుల సాంబమూర్తిగారి అబ్బాయి బాలు, మద్రాసులో ఇంజనీరింగు చదువుతూ 1966 డిసెంబరు 15న మొదటిసారి సినిమాకి పాడారు. ఆ సినిమా పద్మనాభంగారి 'శ్రీ శ్రీ శ్రీ మర్యాద రామన్న'. సంగీతం ఎస్.పి. కోదండపాణిగారిది. ఆ పాటలో బాలుతోపాటు పాడినవాళ్లెవరనుకున్నారు? సుశీలగారు, పి.బి. శ్రీనివాస్ గారు, ఈలపాట రఘురామయ్యగారు! గాయకులూ వాద్యాలవాళ్లూ అందరూ ఒకేసారి ఒకే టేపు మీదికి ఎక్కాల్సిన రోజులవి. చివరి వరసలో వయొలిన్ ఒక్క స్వరం తప్పినా మళ్లీ పల్లవి నించే. ఇరవై ఏళ్ల కుర్రాడు తప్పు పాడితే అంతటి పెద్దవాళ్లూ మళ్లీ పాడాలి. ఆ పిల్లవాడి గుండె ఎట్లా కొట్టుకుని ఉంటుందో ఊహించుకోండి.

టేపు ఖరీదైన వస్తువు కనక చెరిపి మళ్లీ వాడేవాళ్లు. కానీ రికార్డిస్టు స్వామినాథన్ గారు ఆ టేపుని చాలాకాలం చెరపకుండా దాచి, స్టూడియోకి వచ్చిన సంగీత దర్శకులకి వినిపించేవారట. బాలుగారే ఈ సంగతి ఎన్నోసార్లు కృతజ్ఞతగా చెప్పుకున్నారు.

అదే బాలుగారు 1981 ఫిబ్రవరి 8న బెంగుళూరులో ఉపేంద్రకుమార్ సంగీతంలో, ఉదయం తొమ్మిది నించి రాత్రి తొమ్మిది దాకా 21 కన్నడ పాటలు పాడారు. లెక్క వేస్తే పాటకి అరగంట పైచిలుకు. నేర్చుకోవడం, పాడటం, మంచినీళ్లు తాగడం అన్నీ అందులోనే!

ఆపైన ట్రాకులు వచ్చాయి. తబలా ఇవాళ, వయొలిన్లు రేపు, గాయని వచ్చేవారం. తప్పిన ముక్క వరకే మళ్లీ పాడొచ్చు. ఇంకేం, కష్టాలు తీరినట్టే అనుకుంటాం. తీరలేదని మా మేనల్లుడు చెప్పాడు. వాడికి మెటల్ అనే సంగీతమంటే పిచ్చి. వింటే స్టీలు సామాన్ల అలమర మెట్ల మీంచి దొర్లినట్టుంటుంది. వినగా వినగా నాకు తుపాను ముందు మైపాడు సముద్రం గుర్తొచ్చింది.

"ఏందత్తా, ఒక్కసారి వాయించి ఇంటికి పోతారనుకున్నావా? ముందు డ్రమ్ములు. ఆనక గిటారు, అదీ ఒకే ముక్క రెండుసార్లు. ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి. రెండిట్లో వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్లీ వాయించాల్సిందే" అన్నాడు.

ఈ సంగీతానికి ఆద్యులుగా చెప్పుకునే బ్లాక్ సబ్బత్ బృందానిది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్. గిటారు వాయించే టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ల కొనలు పోగొట్టుకుని, ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకుని మరీ వాయించాడు. వాళ్లు 1969 అక్టోబరులో మొదటి ఆల్బం దాదాపు ఒక్కరోజులో ముగించుకుని వెళ్లిపోయారు. మెటాలికా అనే అమెరికా బృందం మాత్రం 1990 అక్టోబరులో లాస్ ఏంజెలెస్ స్టూడియోలో అడుగుపెట్టి, 1991 జూన్ దాకా ఒకే ఆల్బం చేస్తూ కూర్చుంది. ఆ ఆల్బం పూర్తయ్యేలోపు నలుగురిలో ముగ్గురి కాపురాలు చెడ్డాయి.

సాధనాలు పెరిగితే రోజులు తగ్గాలి గానీ పెరగడమేమిటి? మన వంటింట్లోకి చూడండి. రోట్లో నూరే రోజుల్లో పూటకి ఒక్క పచ్చడి చేసేవాళ్లం. మిక్సీ వచ్చాక మూడు చేస్తున్నాం. చెరపడానికి వీల్లేనప్పుడు "ఇక చాలు" అని గడియారం చెప్పేది, లేదా చేతిలో డబ్బు చెప్పేది. ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు అన్నాక ఆ మాట ఎవరికి వారే చెప్పుకోవాలి. అది చెప్పుకోలేకే మనుషులు అలిసిపోతున్నారు, స్టూడియోలోనూ వంటింట్లోనూ.

బాలుగారు తన గురువు కోదండపాణిగారి పేరుతో మద్రాసులో రికార్డింగు థియేటర్ కట్టించారు. 2020 సెప్టెంబరు 25న ఆయనా వెళ్లిపోయారు. గురువుగారి పేరు అలా నిలిచింది. మరి చివరి వరసలో కూచుని ఒక్క స్వరం తప్పకుండా వాయించిన ఆ వయొలిన్ ఆయన పేరు? చాలా ప్లేట్ల మీద కనపడదు. గౌహర్ జాన్ లాగా వాళ్లూ పాట చివర వరసగా పేర్లు చెప్పుకుని ఉంటే, పాటకంటే ఆ వరసే పొడుగయ్యేదేమో. అయినా కూర తరగడం ఆపి, కత్తిపీట పక్కన పెట్టి వినేదాన్ని.