ఎండాకాలంలో పెరటి కోడికి జబ్బు చేస్తే

2025 మార్చిలో అమెరికాలో డజను గుడ్ల సగటు ధర ఆరు డాలర్లు దాటినప్పటినుంచీ నాకు తెలిసిన తెలుగు కుటుంబాల పెరళ్ళలో కోళ్ళ గూళ్ళు ఎక్కువయ్యాయి. పిల్లలకి సరదా, పెద్దవాళ్ళకి ఊరు గుర్తొస్తుంది, పైగా తాజా గుడ్లు. అంతా బాగానే ఉంటుంది గానీ జూన్ వచ్చేసరికి ఫోన్లు మొదలవుతాయి. "మా కోడి నోరు తెరుచుకుని కూర్చుంది, లేవట్లేదు, ఏం చెయ్యాలి?" అని.

నేను వెటర్నరీ డాక్టర్ని కాను. ఎం.ఎస్. చదవడానికి టెక్సాస్ వచ్చి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, ఆస్టిన్‌కి ఉత్తరాన ఒక ఊళ్ళో స్థిరపడినవాణ్ణి. ఆరేళ్ళుగా పెరట్లో నాలుగైదు పెట్టల్ని పెంచుతున్నాను. 2023 వేసవిలో ఇక్కడ నెలరోజులకు పైగా వరసగా రోజూ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. ఆ ఎండలు నేర్పినదీ, ఇక్కడి యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ వాళ్ళ సలహాలు చదివి తెలుసుకున్నదీ కలిపి ఒకచోట పెడుతున్నాను. ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒక్కటే: ముందు కోడిని చల్లబరచండి, తర్వాత జబ్బేమిటో చూడండి, అది తెలిసేదాకా మందు జోలికి వెళ్ళకండి.

ఎండకి కోడి ఒంట్లో ఏమవుతుంది?

ఆరోగ్యంగా ఉన్న కోడి ఒంటి వేడే 105 నుంచి 107 డిగ్రీలు ఉంటుంది. దానికి చెమట గ్రంథులు లేవు. తల మీది తురాయి, గడ్డం కింద వేలాడే ఎర్రటి తోలు, కాళ్ళ ద్వారా కొంత వేడి బయటికి పోతుంది. అది చాలకపోతే నోరు తెరిచి రొప్పుతుంది. దాదాపు 85 డిగ్రీల దగ్గర రొప్పడం మొదలుపెడుతుంది, 95 దాటితే ప్రమాదంలో పడ్డట్టే. గాలిలో తేమ ఎక్కువైతే రొప్పినా ఫలితం తక్కువ. అందుకే ఫీనిక్స్‌లో 100 కన్నా హ్యూస్టన్‌లో 95 కోడికి కష్టం.

అదేపనిగా రొప్పితే రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోయి, రక్తం క్షార గుణం వైపు జరుగుతుంది. వేసవిలో గుడ్ల పెంకు పల్చబడడానికి ఇదొక కారణం. మేత తినడం తగ్గి కాల్షియం సరిగ్గా అందకపోవడం ఇంకో కారణం.

గుర్తులు ఇలా ఉంటాయి: మొదట రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి రొప్పడం. తర్వాత మేత మానేయడం, రెట్ట నీళ్ళలా పడడం. ఆ తర్వాత కళ్ళు మూసుకుని కూలబడడం, తురాయి రంగు మారడం. చివరిది తూలడం, వాలిపోవడం. ఆఖరి రెండు దశల్లో గంటలు కాదు, నిమిషాలు లెక్క.

మొదటి గంటలో చేయవలసినవి

ఒకటి, కోడిని వెంటనే నీడకి, వీలైతే ఇంట్లోకి తీసుకురండి. గ్యారేజ్ పనికిరాదు, మధ్యాహ్నం అది పెరటికన్నా వేడిగా ఉంటుంది. ఏ.సీ. ఉన్న లాండ్రీ గదో బాత్‌రూమో మంచిది. కుక్కల్ని పెట్టే క్రేట్‌లో పాత తువ్వాలు పరచి ఉంచండి. వంటింట్లో మాత్రం వద్దు.

రెండు, ఒక టబ్బులో మామూలు కుళాయి నీళ్ళు పట్టి, కాళ్ళూ పొట్ట అడుగుభాగమూ తడిసేలా కొన్ని నిమిషాలు నిలబెట్టండి. తల పైకే ఉండాలి, చేత్తో పట్టుకునే ఉండాలి. తురాయినీ, రెక్కల కిందా తడిగుడ్డతో తుడవండి. వీపు మీద నీళ్ళు పోస్తే ఈకల మీంచి జారిపోతాయి, చర్మానికి అందవు. తర్వాత కాస్త దూరంలో ఫ్యాన్ పెట్టండి.

మూడు, చల్లటి నీళ్ళ గిన్నె ముందు పెట్టి, ముక్కు కొనని అందులో ముంచి చూపించండి. తాగకపోతే వేలితో ఒక్కొక్క చుక్క ముక్కు పక్కన పెట్టండి, అదే చప్పరిస్తుంది. ఫీడ్ స్టోర్లో దొరికే కోళ్ళ ఎలక్ట్రోలైట్ పొడిని ప్యాకెట్ మీద చెప్పిన కొలత ప్రకారం కలిపి ఇవ్వవచ్చు. పక్కనే మామూలు నీళ్ళు కూడా ఉండాలి. ఒక రోజుకి మించి అదేపనిగా ఇవ్వనక్కరలేదు, ఉప్పు ఎక్కువైనా కోడికి చేటే.

మా బఫ్ ఆర్పింగ్టన్ పెట్ట లడ్డు (పేరు మా అమ్మాయి పెట్టింది) 2023 ఆగస్టులో కూలబడినప్పుడు ఈ పద్ధతిలోనే చేశాం. ఇరవై నిమిషాల్లో రొప్పడం తగ్గింది, గంటలో లేచి నిలబడింది, రాత్రికి పుచ్చకాయ ముక్క పొడిచింది. మర్నాడు మధ్యాహ్నం బాగానే కనబడినా పెరట్లోకి వదల్లేదు. 75 డిగ్రీల గదిలోంచి 104లోకి పంపితే మళ్ళీ మొదటికే వస్తుంది. ఎండ తగ్గాక సాయంత్రం వదలాలి.

చేయకూడనివి

ఐస్ నీళ్ళలో ముంచకండి. ఒక్కసారిగా అంత చల్లదనం తగిలితే కాళ్ళలోకీ చర్మంలోకీ రక్తం రావడం తగ్గి, లోపలి వేడి బయటికి రాదు. నోరు తెరిచి సిరంజితో నీళ్ళు పోయకండి. కోడికి గాలి గొట్టం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీరసంగా ఉంది కదా అని బలవంతంగా మేత పెట్టకండి. మేత అరగడం వల్ల కూడా ఒంట్లో వేడి పుడుతుంది.

మజ్జిగ సంగతి చాలామంది అడుగుతారు. మన ఊళ్ళలో పోసే అలవాటు ఉన్నదే. పల్చటిది కొద్దిగా అయితే ఫరవాలేదు. కానీ పాలలోని చక్కెర కోడికి సరిగ్గా అరగదు, ఎక్కువైతే విరేచనాలు పట్టుకుని ఉన్న నీరు కూడా పోతుంది. మంచినీళ్ళే మేలు.

ఎండ దెబ్బేనా, ఇంకేమైనానా?

చల్లటి గదిలో ఒక రాత్రి గడిచాక పొద్దున్నే లేచి మేత తింటే అది ఎండ దెబ్బే. అప్పటికీ ముడుచుకుని కూర్చుంటే ఎండ మాత్రమే కారణం కాదు. అప్పుడు చూడవలసినవి ఇవి.

గుడ్డు అడ్డుపడడం: తోక దించి, నిటారుగా నిలబడి ముక్కుతూ ఉంటుంది. ముందు రొప్పడం తగ్గాలి. తగ్గాక గోరువెచ్చటి నీళ్ళలో పదిహేను ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట వదలండి. గుడ్డు లోపల పగిలేలా నొక్కవద్దు. అదే రోజు బయటికి రాకపోతే డాక్టరే దిక్కు.

కాక్సీడియోసిస్: రెట్టలో రక్తం, నీరసం, ఈకలు ఉబ్బించుకోవడం. ముఖ్యంగా చిన్న పిల్లల్లో వస్తుంది. వేడీ తడీ కలిసిన చోట ఇది పెరుగుతుంది. మిస్టర్ పెట్టి గూడు కింద బురద చేసుకుంటే జబ్బుని పిలిచినట్టే.

పురుగులు పట్టడం: వెనక భాగంలో రెట్ట అంటుకుని ఉంటే వేసవిలో ఈగలు గుడ్లు పెడతాయి, ఒకటి రెండు రోజుల్లో పురుగులు చర్మాన్ని తినేస్తాయి. ఈకలు తప్పించి చూస్తే గానీ కనబడదు. తప్పక చూడండి.

ఎర్ర నల్లులు: పగలు గూటి చెక్కల సందుల్లో దాక్కుని రాత్రి రక్తం పీలుస్తాయి. తురాయి పాలిపోతుంది. రాత్రి టార్చిలైట్‌తో చూడాలి.

మెడ వాలిపోవడం: చచ్చిన జంతువునో, దాని మీది పురుగుల్నో తింటే బాట్యులిజం వస్తుంది. కాళ్ళు, రెక్కలు, మెడ పట్టు తప్పుతాయి. వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

బర్డ్ ఫ్లూ: రెండు మూడు కోళ్ళు ఒకేసారి హఠాత్తుగా చనిపోవడం, తల వాచడం, తురాయి ఊదారంగుకి తిరగడం. అమెరికా కోళ్ళ ఫారాల్లో, పెరటి కోళ్ళలో 2022 నుంచి హెచ్5ఎన్1 వస్తూనే ఉంది. అనుమానం వస్తే చచ్చిన కోడిని చేతులతో ముట్టుకోకుండా, వ్యవసాయ శాఖ వారి టోల్‌ఫ్రీ నంబరు 1-866-536-7593కి ఫోన్ చేయండి.

ఇండియాకి ఫోన్ చేస్తే

లడ్డు సంగతి చెప్పగానే మా నాన్నగారు, "అది కొక్కెర అయ్యుంటుందిరా, మిగతావాటికి దూరంగా పెట్టు," అన్నారు. మన వైపు ఆ అనుమానం సహజం. కొక్కెర తెగులు అంటే రాణిఖేత్, ఇక్కడ న్యూకాజిల్ అంటారు. మెడ మెలితిరగడం, ఆకుపచ్చ విరేచనాలు దాని గుర్తులు. అమెరికాలో దాని తీవ్రమైన రకం మామూలుగా ఉండదు, కానీ దక్షిణ కాలిఫోర్నియాలో 2018 నుంచి 2020 దాకా వచ్చి ఎక్కువగా పెరటి కోళ్ళనే పట్టింది. కాబట్టి నాన్నగారి సలహాలో రెండో సగం ఎప్పుడూ పాటించదగ్గదే: జబ్బు కోడిని విడిగా ఉంచాలి, ముందు బాగున్న కోళ్ళ పని చూసుకుని తర్వాతే దాని దగ్గరికి వెళ్ళాలి.

మందులు మాత్రం సూట్‌కేసులో తెచ్చుకోవద్దు. ఎన్రోఫ్లాక్సాసిన్‌ని కోళ్ళకి వాడకుండా అమెరికా ఎఫ్.డి.ఏ. 2005లోనే ఆపేసింది. 2023 జూన్ నుంచి పశువుల యాంటీబయాటిక్స్‌లో ముఖ్యమైనవాటికి డాక్టరు చీటీ తప్పనిసరి. చట్టం దృష్టిలో మీ పెంపుడు పెట్ట కూడా ఆహారపు జంతువే. దానికి వేసిన మందు గుడ్డులోకి, అక్కణ్ణుంచి మీ పిల్లల ఆమ్లెట్‌లోకి వస్తుంది. కాక్సీడియోసిస్‌కి వాడే ఆంప్రోలియం చీటీ లేకుండా దొరుకుతుంది గానీ, జబ్బు అదేనని తెలిశాకే వాడాలి. బగ్ ఎక్కడుందో తెలియకుండా ప్యాచ్ వేస్తే ఏమవుతుందో మనలో చాలామందికి చెప్పనక్కరలేదు.

కోళ్ళని చూసే డాక్టర్ని చలికాలంలోనే వెతికి పెట్టుకోండి. నేను ఫోన్ చేసిన మొదటి రెండు క్లినిక్‌లూ కుక్కలూ పిల్లులే చూస్తామన్నాయి. పక్షుల్ని చూసే డాక్టర్లు వేరే ఉంటారు. కోడి చనిపోతే కారణం తెలుసుకోవడానికి రాష్ట్ర ప్రయోగశాలలున్నాయి. టెక్సాస్‌లో అయితే గొంజాలెస్, సెంటర్ అనే ఊళ్ళలో కోళ్ళకే ప్రత్యేకంగా ఉన్నాయి. మిగిలిన కోళ్ళని కాపాడుకోవడానికి ఆ రిపోర్టే ఆధారం.

రాకుండా చూసుకోవాలంటే

ఆర్పింగ్టన్, బ్రహ్మ, కొచిన్ లాంటి బరువైన, ఒత్తు ఈకల జాతులు ఎండకి ఆగవు. పెద్ద తురాయి ఉన్న లెగ్‌హార్న్ లాంటి తేలిక జాతులు నయం. గూటికి పడమటి ఎండ తగలకుండా నీడ ఉండాలి, రెండు వైపులా గాలి ఆడాలి. మామూలు రోజుల్లో పెట్ట అర లీటరు దాకా నీళ్ళు తాగుతుంది, ఎండల్లో దానికి రెట్టింపు, ఇంకా ఎక్కువ కూడా. రెండు మూడు గిన్నెలు నీడలో పెట్టి, గడ్డకట్టిన వాటర్ బాటిల్ ఒకటి వాటిలో వేయండి. వేడెక్కిన నీళ్ళు కోడి ముట్టదు. దాణా తెల్లవారుజామునా, పొద్దు వాలాకా వేయండి. ఆయిస్టర్ షెల్ విడిగా ఒక గిన్నెలో ఉంచండి.

జబ్బు కోడిని ముట్టుకున్న ప్రతిసారీ పిల్లలతో సహా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పెరటి కోళ్ళనుంచి సాల్మొనెల్లా సోకడం ఇక్కడ ఏటా జరుగుతున్నదే.

డాక్టర్ నంబరు, పైన ఇచ్చిన టోల్‌ఫ్రీ నంబరు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఆఫీసులో మీటింగులో ఉన్నప్పుడు ఇంట్లో ఉన్న అమ్మమ్మకో తాతయ్యకో అదే ఉపయోగపడుతుంది. మీ పెరటి కోళ్ళు ఈ వేసవంతా చల్లగా ఉండాలని కోరుకుంటూ, సెలవు.