శాశ్వత భారము

1947 విభజనానంతరము ఇల్లువాకిళ్లు విడిచి వచ్చినవారిని తెలుగు పత్రికలు కాందిశీకులనినవి. హిందీలో వారు శరణార్థులు. పంజాబునుండి ఢిల్లీ చేరినవారిలో అనేకులకు ఆ పేరు రుచింపలేదు; తాము పురుషార్థులమని చెప్పుకొనిరి. వంగభాషలో వారు ఉద్వాస్తులు, అనగా తాతతండ్రుల ఇంటినేల తప్పినవారు. ఈ మాటలన్నిటిలోను మనుష్యుడు కనబడును. ప్రభుత్వ దస్త్రములలో పుట్టిన మరియొక మాటలో కనబడడు. అది ‘పర్మనెంట్ లయబిలిటీ’, శాశ్వత భారము.

తూర్పు బెంగాలునుండి వచ్చినవారికై పశ్చిమ బెంగాలులో శిబిరములు నెలకొల్పిరి. నదియా జిల్లాలో రాణాఘాట్ చెంతనున్న కూపర్స్ క్యాంపు, ధుబులియా క్యాంపు అట్టివి. రెండును రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యము వాడి విడిచిన తావులే. అక్కడ అధికారులు కుటుంబములను వేరుపరచిరి. పనిచేయగల మగవాడున్న కుటుంబము పునరావాసమునకు తగినది. నేలయో అప్పో ఇచ్చి సాగనంపవచ్చును. వృద్ధులు, వికలాంగులు, మగదిక్కులేని స్త్రీలు, వారి బిడ్డలు శాశ్వత భారము. వీరికి జీవనాధారము ‘డోల్’ అను ప్రభుత్వపు భృతి.

వృద్ధుని వయస్సు చూచి అట్లు వ్రాసిరనుకొందము. ముప్పదేండ్ల విధవను ఏమి చూచి వ్రాసిరి? ఆమె చేతుల బలమును ఎవరును కొలువలేదు. ప్రక్కన మగవాడు కలడా యని మాత్రమే చూచిరి. స్వగ్రామమున ఆమె వడ్లు దంచినది, పశువులను సాకినది. అది పనిగా లెక్కకు రాలేదు. అన్నిచోట్ల నిట్లే జరిగినదనుట న్యాయము కాదు. ఢిల్లీలో రామేశ్వరీ నెహ్రూ నేతృత్వమున పునరావాసశాఖ స్త్రీవిభాగము ఒంటరి స్త్రీలకు చేతిపనులు నేర్పించినది. అయినను బెంగాలు శిబిరములలో ఆ మాట చెరగలేదు. లయబిలిటీ యనుదానిని హిందీలో ‘దాయిత్వ’ మనియు చెప్పవచ్చును. దానికి బాధ్యత యనియు అర్థము కలదు. అనువాదకుడు ఆ అర్థమునే గ్రహించినచో, శాశ్వతముగా నిలువవలసినది ప్రభుత్వపు పూచీ యగును. ఆ స్త్రీ భారము కాదు.

1958 మార్చి 31 దాటి వచ్చినవారికి సాయము లేదనిరి. మరుసటి యేడు జూలైనాటికి శిబిరములు మూసివేయ నిశ్చయించిరి. మగవారున్న కుటుంబములను దండకారణ్యమునకు, కోరాపుట్, బస్తరు అడవులకు పొమ్మనిరి; కాదన్నవారికి డోల్ నిలిపివేసిరి. భారమనబడినవారిని పంపుటకు మాత్రము చోటు దొరకలేదు. వారు శిబిరములలోనే మిగిలిరి. ఉచితముగా వచ్చు డోల్ కాందిశీకులను సోమరులను చేసినదని పెద్దలు ఆక్షేపించుచుండిరి. శాశ్వతమని మొదట వ్రాసినది ఎవరో వారు మరచిరి కాబోలు.

అర్ధశతాబ్ది గడచిన పిమ్మటను ఆ జాబితాలోని స్త్రీలు కొందరు కూపర్స్ క్యాంపులో జీవించియుండిరి. వారి చుట్టు ఇండ్లు లేచినవి, అంగళ్లు వెలసినవి. అది నేడొక పట్టణము. పేరు మాత్రము క్యాంపే.