పర్షియన్ పిల్లి ముక్కు ఎక్కడికి పోయింది?

హైదరాబాదు, బెంగళూరు అపార్ట్‌మెంటుల్లో ఇప్పుడు పర్షియన్ పిల్లి మోజు బాగానే ఉంది. గుండ్రటి మొహం, కుచ్చులాంటి తోక, ఎప్పుడూ అలిగినట్టుండే చూపు... పేరు వినగానే ఏ షా గారి అంతఃపురంలోనో పట్టు దిండ్ల మీద పడుకున్న వంశం అనిపిస్తుంది. తీరా చరిత్ర తిరగేస్తే కథ వేరే. ఈ రూపాన్ని తయారు చేసింది ఇంగ్లండు, అమెరికా. అదీ గత నూట యాభై ఏళ్లలో.

మొదటి నుంచీ వద్దాం. పియెత్రో దెల్లా వల్లే అని ఒక ఇటలీ యాత్రికుడు ఉండేవాడు (తర్వాత మన కన్నడ దేశంలో ఇక్కేరి దాకా వచ్చినాయనే). 1620 ప్రాంతంలో ఆయన పర్షియాలోని ఖొరాసాన్ పిల్లుల గురించి, పట్టులా మెరిసే వాటి బూడిదరంగు బొచ్చు గురించి ఉత్తరాల్లో మురిసిపోతూ రాశాడు. 1630ల్లో దక్షిణ ఫ్రాన్సులో పెయిరెస్క్ అనే పండితుడు అంకారా నుంచి వచ్చిన పిల్లుల్ని పెంచి, కూనల్ని తెలిసినవాళ్లకి కానుకలుగా ఇచ్చేవాడు. అంకారాకి పాత పేరు అంగోరా కాబట్టి అవి అంగోరా పిల్లులయ్యాయి. అవి సన్నగా, పొడుగ్గా ఉండేవి. ముక్కు ముక్కులాగే ఉండేది.

అసలు పొడుగు బొచ్చు ఎందుకొస్తుంది? వెంట్రుక కొంత పెరిగాక "ఇక చాలు" అని చెప్పే జన్యువు ఒకటుంది, పేరు ఎఫ్‌జీఎఫ్5. అది చెడితే ఆగాల్సిన చోట వెంట్రుక ఆగదు. ఇది అంతర్గత లక్షణం, అంటే తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు కాపీలూ చెడితేనే బయటపడుతుంది. 2007లో శాస్త్రజ్ఞులు ఈ జన్యువులో నాలుగు వేర్వేరు మార్పులు పట్టుకున్నారు. నార్వే అడవి పిల్లిలో ఒకటి, మెయిన్ కూన్‌లో ఇంకొకటి, అలా. మన భాషలో చెప్పాలంటే ఒకే ఫంక్షన్‌లో నాలుగు బగ్గులు, యూజర్‌కి కనిపించే ఫలితం మాత్రం ఒకటే :)

ఇంతవరకూ ప్రకృతి పని. మనుషుల పని 1871 జులై 13న లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో మొదలైంది. హారిసన్ వీర్ అనే చిత్రకారుడు అక్కడ పెద్ద పిల్లుల ప్రదర్శన పెట్టాడు. ఎలకలు పట్టడానికి తప్ప పిల్లిని ఎవరూ లెక్కచెయ్యని రోజులవి. దానికి కాస్త మర్యాద తేవాలన్నది ఆయన తాపత్రయం. ప్రదర్శన అన్నాక మార్కులు కావాలి కదా, ఏ జాతిలో దేనికెన్ని అన్నది కూడా ఆయనే రాశాడు. 1889లో వచ్చిన ఆయన పుస్తకంలో అంగోరా, పర్షియన్ వేర్వేరు జాతులు.

ఆ తేడా ఎక్కువ కాలం నిలవలేదు. రెంటినీ కలిపేసి సంకరం చేశారు. 1903లో ఫ్రాన్సెస్ సింప్సన్ తన పుస్తకం రాసేనాటికి రెంటికీ తేడా చెప్పడమే కష్టమైంది. పర్షియన్ అన్న పేరు మిగిలింది, అంగోరా ప్రదర్శనల నుంచి మాయమైంది. 1962లో అంకారా జూ నుంచి ఒక జంట అమెరికా చేరాకే అక్కడ ఆ జాతిని మళ్లీ నిలబెట్టడం మొదలైంది. ఇక 2008లో జన్యువులు పోల్చి చూస్తే నేటి పర్షియన్ పిల్లి పశ్చిమ యూరపు పిల్లుల గుంపులోకి వెళ్లి కూర్చుంది! (హిమాలయన్ పిల్లి కథా ఇంతే. 1930ల్లో అమెరికాలో సయామీ, పర్షియన్ పిల్లుల్ని కలిపి పుట్టించారు. హిమాలయన్ అనే కుందేలు రంగులు వచ్చాయని ఆ పేరు. మన హిమాలయాలు అది ఎన్నడూ చూసెరగదు.)

పేరు తప్పయితే నష్టమేమీ లేదు. నష్టం ముక్కు దగ్గర వచ్చింది. స్పెక్‌లో "గుండ్రటి తల, పొట్టి ముక్కు" అని ఉంది. పొట్టి అంటే ఎంత? ఆ కింది హద్దు రాయకపోతే, పక్కవాడి పిల్లి కన్నా ఇంకాస్త పొట్టి ముక్కున్నదే గెలుస్తుంది. గెలిచినదానికే పిల్లల్ని పుట్టిస్తారు. అలా తరాలు గడిచి, నుదురు, ముక్కు, గడ్డం ఒకే నిలువు గీతలో ఉండాలనే దాకా వెళ్లింది అమెరికా ప్రమాణం. దాని బిల్లు పిల్లి కడుతోంది. కన్నీటి నాళం వంకరపోయి కళ్లు ఎప్పుడూ కారుతుంటాయి, ఊపిరి కష్టం, పళ్లు సరిగా అమరవు, కాన్పులు కష్టం. దీనికి తోడు కిడ్నీల్లో నీటితిత్తులు పెరిగే వంశపారంపర్య జబ్బు. మూడింట ఒక వంతుకు పైగా పర్షియన్ పిల్లుల్లో అది ఉందని లెక్క. కారణమైన జన్యుమార్పు 2004లో దొరికింది, పరీక్ష కూడా ఉంది.

కొలిచేదాన్నే పెంచుతాం, కొలవనిది చచ్చిపోతుంది. ఇది అప్రైజల్ సీజన్ చూసిన ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఊపిరి హాయిగా ఆడటానికి ఆ మార్కుల పట్టికలో గడి లేదు. హారిసన్ వీర్‌కి ఇది ముందే అర్థమైందనుకుంటాను. 1887లో పెట్టిన నేషనల్ క్యాట్ క్లబ్‌కి మొదటి అధ్యక్షుడు ఆయనే. కొన్నేళ్లకే తప్పుకున్నాడు, సభ్యులకి పిల్లుల బాగు కన్నా బహుమతులే ముఖ్యమైపోయాయని.

మనకెందుకంటారా? 2003లో హచ్ ప్రకటన వచ్చాక పగ్ కుక్కలకి మన దేశంలో ఎంత గిరాకీ వచ్చిందో గుర్తుంది కదా. అడిగేవాళ్లు ఉన్నంతకాలం ముక్కు అరుగుతూనే ఉంటుంది. స్పెక్ రాసేది జడ్జిలే కావచ్చు, డబ్బులిచ్చి దాన్ని ఆమోదించేది మాత్రం మనం. కొనే తీరాలంటే ముక్కు కాస్త బయటికి ఉన్న పాతకాలపు మొహం కూననే అడగండి. తల్లిదండ్రుల కిడ్నీ పరీక్ష రిపోర్టు చూపించమనండి. రోజూ దువ్వే ఓపిక లేకపోతే బొచ్చు జడలు కట్టి చర్మం పుండవుతుంది, ఆ ఓపిక మనకుందో లేదో ముందే తేల్చుకోండి. ఇవేవీ వద్దనుకుంటే మీ అపార్ట్‌మెంటు సెల్లార్లో తిరిగే పిల్లి ఉండనే ఉంది. దాని ముక్కుని ఇంతవరకూ ఏ కమిటీ ముట్టుకోలేదు.